మిషన్‌లో పేరు

పత్తి మిల్లు దొర రాజేశ్వర్ రావుకు చెయ్యి దురుసు. కోపం వస్తే ఎదుట ఉన్నది మేస్త్రీనా, హమాలీనా అని చూడడు. అలాంటి మనిషి కూడా కంప్యూటర్ గదిలో మాత్రం ఎవరి మీదా చెయ్యి వేయడు. లోపల డిస్కు తిరుగుతున్నప్పుడు బల్ల అదిరితే మిషన్ పాడైపోతుందని హైదరాబాద్ ఇంజనీరు చెప్పిపోయాడు. అందుకే ఆ గదిలోకి ఎవరు పోయినా చెప్పులు గుమ్మం బయట విడిచి, మెల్లగా అడుగులు వేసుకుంటూ పోవలసిందే. దొర కూడా అంతే. కొట్టాలనిపించినప్పుడు మనిషిని బయటికి పిలుస్తాడు.

ఆ మంగళవారం పొద్దున కంప్యూటర్ నడిపే లియాఖత్ అలీని అట్లాగే బయటికి పిలిచాడు.

"ఏమైందిర? రాత్రి హాజరు కాయితం గోడకు ఎందుకు పడలె?"

"డాస్ వస్తలేదు సార్. నిన్న సాయంత్రం యూనిక్స్ ఎక్కిస్తాంటే నడుమల కరెంటు పోయింది. ఇప్పుడు అది రాదు, ఇది రాదు..."

మాట పూర్తి కాకముందే చెంప పగిలింది. కళ్లజోడు ఎగిరి పత్తి బోరాల దగ్గర పడింది. వంగి దాన్ని తీసుకునేలోగా వీపు మీద రెండోది పడింది.

"నాకు డాస్ గీస్ తెల్వదు. పాతది ఉండాలె, కొత్తది రావాలె. రేపు పొద్దుగూకే వరకు రెండూ నడవకుంటే నీ చేతులిరుస్త."

దొర అడిగింది చిన్న కోరికేం కాదు. హాజరు ప్రోగ్రాం పాత సిస్టం డాస్‌లో తప్ప నడవదు. నలుగురు నాలుగు తెరల ముందు కూర్చుని ఒకేసారి పని చేసుకోవాలంటే కొత్త సిస్టం యూనిక్స్ కావాలి. ఉన్నది ఒకటే మిషన్, ఒకటే డిస్కు. ఇల్లు ఒకటే అయినా నడుమ గోడ పెట్టి రెండు కాపురాలు పెట్టినట్టు, డిస్కులో సగం దీనికి, సగం దానికి పంచాలి. వీధి తలుపు మాత్రం ఒక్కటే. అది ఏ పూట ఎటువైపు తెరుచుకోవాలో ముందే మిషన్‌కు చెప్పి పెట్టాలి. ఎనభై తొమ్మిదో సంవత్సరంలో వరంగల్ మొత్తం మీద ఇట్లాంటి మిషన్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఒకే డిస్కులో రెండింటినీ కాపురం పెట్టించిన మొనగాడు లియాఖత్‌కు తెలిసి ఒక్కడూ లేడు. తనేమో మొన్నటిదాకా స్టేషన్ రోడ్డులో టైపు మిషన్లు బాగుచేసుకున్నవాడు. ఆరు నెలల కోర్సు చదివి ఈ మిల్లులో చేరాడు.

యూనిక్స్ ఎక్కించడానికి పందొమ్మిది ఫ్లాపీలు. సోమవారం సాయంత్రం రాత్రి షిఫ్టు పేర్లు కొట్టడం అయ్యాక మొదలుపెట్టి, తొమ్మిదోది పెట్టి ఉండగా కరెంటు పోయింది. అప్పటికే వీధి తలుపు యూనిక్స్ వైపు తిరిగిపోయింది. ఆ వైపు ఇల్లేమో సగమే కట్టారు. విడిగా డాస్ తెచ్చే ఫ్లాపీ ఒకటి ఉండేది, వానాకాలంలో దానికి బూజు పట్టింది. ఇక మళ్లీ మొదటి ఫ్లాపీ నుంచి మొదలుపెట్టడమే దారి.

కళ్లజోడు తుడుచుకుని లోపలికి పోబోతుంటే గుమ్మం దగ్గర కొమురెల్లి నిలబడి ఉన్నాడు. రాత్రి షిఫ్టు దిగిన మనిషి. జుట్టు మీద, కనుబొమల మీద, మీసం మీద దూది. పత్తి నుంచి గింజ విడదీసే జిన్ను దగ్గర పనిచేసేవాళ్లందరూ పొద్దునపూట ముసలివాళ్లలాగే ఉంటారు, కొమురెల్లికి ముప్ఫై కూడా లేవు.

"భాయ్, రాత్రంత చేసిన. నా పేరు మిషన్ల లేదంటాండు వీరభద్రం."

"పేరున్నది కొమురెల్లి. నేనే కొట్టిన. మిషన్ తెరుచుకుంటలేదు, అంతే."

"గోడకు కాయితం పడకపాయె గద."

అది ఆ మిల్లు పద్ధతి. షిఫ్టు ఎక్కేటప్పుడు ప్రతివాడూ తన ఇత్తడి బిళ్ల మేస్త్రీ వీరభద్రానికి ఇస్తాడు. బిళ్లలు లియాఖత్ దగ్గరికి వస్తాయి, పేర్లు మిషన్‌లో ఎక్కుతాయి. షిఫ్టు దిగేటప్పుడు బిళ్లలు తిరిగిచ్చి, నడుమ కార్బన్ పెట్టి రెండు కాయితాలు ప్రింటు తీస్తాడు. పైది దొరకు, కిందిది గోడకు. గోడ మీది కాయితంలో పేరుంటేనే పని చేసినట్టు. పోయిన ఉగాదికి కంప్యూటర్‌కు కొబ్బరికాయ కొట్టిన రోజే దొర పాత రిజిస్టర్లు మూలన పడేయించాడు.

"నిన్నటితోని రెండు వందల ముప్ఫై ఆరు రోజులు భాయ్," అన్నాడు కొమురెల్లి. "రెండు వందల నలభై నిండితే పర్మినెంటు అడుగొచ్చన్నరు యూనియనోళ్లు. గియ్యాల్టికి ఒకటి పోతే మళ్ల ఏదో ఒకటి పెట్టి దినాలు తగ్గిస్తరు. నువ్వొక చిట్టి రాసియ్యి. రాత్రి కొమురెల్లి ఉన్నడని రాసి దస్కతు పెట్టు. చాలు."

రెండు లైన్లు. జేబులో పెన్నుంది. కానీ చెంప ఇంకా మండుతోంది. గోడ మీది కాయితం లేకుండా చిట్టి రాసిచ్చాడని దొరకు తెలిస్తే మూడో దెబ్బ ఎక్కడ పడుతుందో తెలియదు. లియాఖత్ లోపలి మిషన్ వైపు చూశాడు గానీ కొమురెల్లి ముఖం వైపు చూడలేదు.

"రేపు చూస్త. జర ఇప్పుడు పో. నా బాధల నేనున్న."

కొమురెల్లి మొలకు చుట్టుకున్న తువ్వాల విప్పి ముఖం తుడుచుకున్నాడు. రాత్రి షిఫ్టు వాళ్లలో తక్కినవాళ్లు వీరభద్రాన్ని తిట్టుకుంటూ ఇళ్లకు పోయారు. హాజరు కావాలనుకున్నవాళ్లు ఇప్పుడు పగటి షిఫ్టు ఎక్కండి, దినం లెక్కకొచ్చేటట్టు దొరకు నేను చెప్త అని వీరభద్రం అరుస్తున్నాడు. కొమురెల్లి ఒక్కడే వెనక్కు నడిచి, తన బిళ్ల మళ్లీ అతని చేతిలో పెట్టాడు. లియాఖత్ లోపలికి పోయి కిటికీ అద్దంలోంచి చూశాడు. చూసి ఒకటో ఫ్లాపీ పెట్టాడు.

పదకొండు గంటలప్పుడు ఏడో ఫ్లాపీ తిరుగుతోంది.

మిల్లులో పన్నెండు జిన్నులు ఒకే ఇరుసు మీద నడుస్తాయి. గింజ ఇరుక్కుంటే బెల్టు తప్పించి తీయాలని గోడ మీద రాసి ఉంది. బెల్టు తప్పిస్తే పని ఆగుతుంది, పని ఆగితే వీరభద్రం నోటికి అడ్డుండదు. అందుకని అందరూ తిరుగుతుండగానే చెయ్యి పెట్టి లాగేస్తారు. కంటినిండా నిద్రపోయిన మనిషి రెప్పపాటులో లాగేస్తాడు. రాత్రి నుంచి నిలబడ్డ మనిషికి ఆ రెప్పపాటే ఎక్కువైంది.

కేక ఒక్కటే వినిపించింది. తర్వాత జిన్ను చప్పుడు మారింది. మెత్తటి పత్తిని చీల్చే చప్పుడు కాదది. లియాఖత్ చెప్పుల్లేకుండానే పరుగెత్తాడు.

రంపపు పళ్లు కొమురెల్లి కుడిచేతిని మోచేయి దాటించి లోపలికి తీసుకున్నాయి. ఇరుసు ఆగేదాకా ఇంకా తీసుకుంటూనే ఉన్నాయి. అవతలి వైపు నుంచి రాలుతున్న దూది ఎర్రగా రాలుతోంది. ఇద్దరు అతని నడుము పట్టుకుని గుంజుతుంటే వీరభద్రం "గుంజకుండ్రి, గుంజకుండ్రి" అని అరుస్తున్నాడు గానీ బెల్టు తప్పించడానికి అతని చేతులు ఆడడం లేదు. చివరికి లియాఖతే కర్ర తీసుకుని బెల్టు మీద కొట్టాడు. పన్నెండు జిన్నులూ ఆగిపోయాయి. అప్పుడు భుజం నుంచి వేలాడుతున్నదేమిటో అందరికీ కనిపించింది. కొమురెల్లికి ఇంకా తెలివి ఉంది. ఎవరినో వెతుకుతున్నట్టు కళ్లు తిప్పాడు, అవి లియాఖత్ దగ్గర ఆగాయి.

"గీ షిఫ్టన్న... ఎక్కియ్యి భాయ్," అన్నాడు.

ఎడ్లబండిలో దూది పరిచి దవాఖానకు తీసుకుపోయారు. బుధవారం తెల్లవారేసరికి ప్రాణం పోయింది.

ఆ బుధవారం మధ్యాహ్నానికి పందొమ్మిదో ఫ్లాపీ కూడా ఎక్కింది. యూనిక్స్ వచ్చింది. లియాఖత్‌కు సంతోషమేమీ కలగలేదు. తినలేదు, ఇంటికి పోలేదు, జిరాక్సు మాన్యువల్‌లో ఒక్కో పేజీ వేలుతో తడుముకుంటూ కూర్చున్నాడు. చివరికి దొరికింది. వీధి తలుపు ఎటు తెరవాలో చెప్పేది ఒకే ఒక్క అంకె. రెండు ఉన్నచోట ఒకటి కొట్టి మిషన్ ఆపి మళ్లీ వేశాడు. నల్లటి తెర మీద డాస్ వచ్చి నిలబడింది. సోమవారం ఎక్కడ వదిలాడో అక్కడే, ఒక్క అక్షరం పోలేదు.

హాజరు తెరిచి కొమురెల్లి పేరు కొట్టాడు. సోమవారం రాత్రితో కలిపి రెండు వందల ముప్ఫై ఆరు.

చిట్టి రాసి ఉంటే సరిపోయేది. కనీసం ఇదైనా ఉంది కదా, అతని పెళ్లానికి నష్టపరిహారమన్నా వస్తుంది అనుకుంటూ దొర దగ్గరికి పరుగెత్తాడు.

"సార్, రెండూ నడుస్తానయ్. డాస్ వచ్చింది. కొమురెల్లి హాజరంత భద్రంగున్నది."

రాజేశ్వర్ రావు చెప్పులు విడిచి లోపలికి వచ్చి తెర చూశాడు. వెనక కిటికీలోంచి పొగ వస్తోంది. బాయిలర్ పక్కన వీరభద్రం ఏవో కాయితాలు తగలబెడుతున్నాడు. ఉగాది నుంచి ప్రింటు తీసి ఫైల్లో పెట్టిన హాజరు కాయితాలు అవేనని లియాఖత్‌కు అప్పుడు అర్థమైంది.

"కొమురెల్లెవడు?" అన్నాడు దొర.

"సార్?"

"ఆ పేరోడు మన మిల్లుల ఎన్నడూ పనిచెయ్యలె. తాగొచ్చి, ఎవరూ చూడంగ లోపలికి జొచ్చి చెయ్యి పెట్టుకున్నడు. శుక్రవారం లేబర్ ఆఫీసరొస్తాండు. గా డాస్ ఉండొద్దు."

"నిన్న డాస్ రాలేదనే కద సార్ కొట్టింది?"

"నిన్న రాకుంటే కొట్టిన. ఇయ్యాల వస్తే చంపుత."

ఇది గొంతు పెంచకుండా అన్నాడు, గదిలో ఉన్నాడు కాబట్టి. తర్వాత బయటికి పోయి వీరభద్రాన్ని పిలిచాడు. వీరభద్రం లియాఖత్ మెడ పట్టి జిన్ను షెడ్డుకు ఈడ్చుకుపోయాడు. కింద ఇసుక చల్లారు గానీ రంపం పళ్ల నడుమ ఎండిన రక్తం అట్లాగే ఉంది. వీరభద్రం ఇరుసు వేయించాడు. లియాఖత్ కుడి మణికట్టు పట్టుకుని తిరుగుతున్న పళ్లకు బెత్తెడు దూరంలో ఆపాడు. గాలికి వేళ్ల మీది వెంట్రుకలు కదులుతున్నాయి. లియాఖత్ అల్లా అన్నాడు, అమ్మీ అన్నాడు, కాళ్లు పట్టుకుంటానన్నాడు. పైజామా తడిసింది. వీరభద్రం నవ్వలేదు. నిన్న కొమురెల్లి చేతి ముందు ఆడని ఆ చేతులు ఇప్పుడు ఏమాత్రం వణకకుండా పట్టుకున్నాయి.

"టైపు కొట్టే చెయ్యి గద. మంచిగ ఆలోచన చేస్కో."

"తీసేస్త. తీసేస్త అన్న."

తడిసిన పైజామాతోనే మిషన్ ముందు కూర్చున్నాడు. వెనక దొర నిలబడ్డాడు. మొత్తం తుడిచేయాలంటే ఇంకో నాలుగు మాటలు కొడితే అయిపోతుంది. లియాఖత్ వేళ్లు ఆ నాలుగు మాటల దాకా పోలేదు. ఒకటి ఉన్నచోట మళ్లీ రెండు కొట్టాడు, మిషన్ ఆపి వేశాడు. యూనిక్స్ వచ్చింది. దొర రెండుసార్లు ఆపించి వేయించాడు, రెండుసార్లూ అదే వచ్చింది.

"పాతది పోయినట్టేనా?"

"ఇట్ల వేస్తే ఇగ రాదు సార్."

ధైర్యం చేశాడా అంటే చెప్పడం కష్టం. భయంతో ప్రాణం గిలగిలలాడుతున్నప్పుడు కూడా చేతులు తమ పని తాము చేసుకున్నాయి. రెండు రోజులు కష్టపడి కాపాడిన దాన్ని తుడిచేయడానికి వాటికి మనసొప్పలేదు. తలుపు మూస్తే గది లేనట్టేనని దొర నమ్మాడు. తెర మీద కనిపించనిది లోపల కూడా ఉండదన్నది మిల్లులో అందరి నమ్మకమూ.

శుక్రవారం పది గంటలకు లేబర్ ఆఫీసర్ వచ్చాడు. సన్నటి మనిషి, చేతిలో రెగ్జిన్ సంచి. గుమ్మం బయట బూట్లు విప్పి, మేజోళ్లు సర్దుకుని లోపలికి అడుగుపెట్టాడు. దొర తానే కుర్చీ జరిపాడు. గేటు లోపల రాత్రి షిఫ్టు వాళ్లు పదిమంది, వాళ్ల నడుమ కొమురెల్లి భార్య బక్కమ్మ కూర్చుని ఉన్నారు. బక్కమ్మ ఏడవడం లేదు. ఆమె ముందు కొమురెల్లి ఇత్తడి బిళ్ల ఉంది, మంగళవారం మేస్త్రీ దగ్గర మిగిలిపోయిన దాన్ని రాత్రి షిఫ్టు వాళ్లే తెచ్చి ఆమెకిచ్చారు. బిళ్ల దొంగిలించిందని వీరభద్రం అంటున్నాడు.

"మాది అంత కంప్యూటర్ మీదనే సార్," అన్నాడు రాజేశ్వర్ రావు. "కొత్త సిస్టం పెట్టుకున్నం. చూడండి, ఇండ్ల ఆ పేరే లేదు."

ఆఫీసర్ తెర మీద గురువారం కొత్తగా కొట్టించిన పేర్ల జాబితా చూశాడు. "పాత హాజరు ఏమైంది?"

దొర లియాఖత్ వైపు చూశాడు. నిన్న అద్దం ముందు నిలబెట్టి చెప్పించిన జవాబు అది. కొత్తది ఎక్కిస్తుంటే పాతది పోయింది సార్, తప్పు నాది. అంతే చెప్పాలి.

"తప్పు నాది సార్," అన్నాడు లియాఖత్. దొర తల ఊపాడు. "పాతది పోలేదు. నేనే కనబడకుంట చేసిన. తీస్త."

కూర్చుని అంకె మార్చాడు. ఏం చేస్తున్నాడో దొరకు అర్థం కాలేదు. మిషన్ ఆగి, మళ్లీ మొదలై, డాస్ వచ్చి నిలబడ్డాక అర్థమైంది.

"ఆపుర!"

"చెయ్యనివ్వండి," అన్నాడు ఆఫీసర్, కళ్లు తెర మీది నుంచి తీయకుండా. "ఏ పేరు? కొమురెల్లి. మొదటి నుంచి తీయి."

ప్రింటరు కర్రుమంటూ మొదలైంది. కార్బన్ నడుమ రెండు కాయితాలు, ఎప్పటిలాగే పైది, కిందిది. ఉగాది మర్నాటి నుంచి ఒక్కో లైను, ఒక్కో తేదీ. నాలుగు పేజీలు అయ్యేదాకా రాజేశ్వర్ రావు పిడికిళ్లు బిగించి నిలబడ్డాడు. ఆఫీసర్ ముందు, మిషన్ పక్కన, ఆ చేతులకు చేసేదేమీ లేదు. చివరి లైను సోమవారం రాత్రి.

ఆఫీసర్ పై కాయితాలు చింపి, ఒక్కో పేజీ మీద దొర చేత సంతకం పెట్టించి, సంచిలో పెట్టుకుని బయటికి నడిచాడు. బూట్ల లేసులు కట్టుకుని జిన్ను షెడ్డు చూస్తానని అటు మళ్లాడు.

అప్పుడు వీరభద్రం లోపలికి వచ్చాడు, చెప్పులతో.

మొదటి దెబ్బ స్టూలుతో పడింది. లియాఖత్ బల్ల మీద పడ్డాడు, బల్ల ఒరిగింది, తెర నేలకు తగిలి పేలింది. మిషన్ పెట్టె లోపల డిస్కు కీచుమని అరిచి ఆగిపోయింది. ఆ చప్పుడు విని రాజేశ్వర్ రావుకు ఇక కాపాడుకోవలసిందేమీ లేకపోయింది. వట్టికాలితో లియాఖత్ పక్కటెముకల్లో తన్నాడు, మళ్లీ తన్నాడు, మిషన్ పెట్టెను తన్నాడు. లియాఖత్ రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకున్నాడు. వీరభద్రం కుడిచెయ్యి కిందికి లాగి, నేలకు పెట్టి, వేళ్ల మీద చెప్పు మోపి ఒరిగాడు. ఎముక విరగడం లియాఖత్‌కు వినిపించింది. కింది కాయితాలు అప్పటికే అతని చొక్కాలో ఉన్నాయి.

పదిమందీ గుమ్మం లోపలికి వచ్చారు. ఎవరూ చెప్పులు విడవలేదు. వీరభద్రాన్ని జుట్టు పట్టి వెనక్కు గుంజారు. దొర గోడకు ఆనుకుని, "నా మిషన్ర, నా మిషన్" అంటూ ఉండిపోయాడు. ఇద్దరు లియాఖత్‌ను చంకల కింద పట్టి బయట పత్తి బోరాల మీద కూర్చోబెట్టారు. ఆఫీసర్ షెడ్డు నుంచి పరుగెత్తుకొచ్చి, పోలీసులకు ఫోన్ చేయండి అంటున్నాడు.

లియాఖత్ ఎడమ చేత్తో చొక్కాలోంచి కాయితాలు తీశాడు. నాలుగు పేజీల మీద అక్కడక్కడ రక్తం.

"గోడ కాయితం," అన్నాడు బక్కమ్మతో. "ఇది మీది."

ఆమె రెండు చేతులా అందుకుంది. అందుకుని, "నీ కాళ్లు మొక్కుత అన్నా" అంటూ వంగింది. లియాఖత్ కాళ్లు వెనక్కు లాక్కున్నాడు.

"వద్దమ్మా. మంగళారం పొద్దుగాల కొమురెల్లి వచ్చి చిట్టి రాసియ్యుమన్నడు. రెండు లైన్లు. భయపడి రాయలె. రేపు చూస్తనన్న. గందుకే రెండో షిఫ్టెక్కిండు."

బక్కమ్మ అట్లాగే ఆగిపోయింది. నెమ్మదిగా నిటారుగా నిలబడింది. ఎడమ చేత్తో కాయితాలు రొమ్ముకు అదుముకుని, కుడి చేత్తో అతని చెంప మీద కొట్టింది. నాట్లేసి, కలుపు తీసి, బోరాలు మోసిన చెయ్యి అది. దొర కొట్టిన చెంపే మళ్లీ పగిలింది. పక్కనున్నవాళ్లు అరెరే అంటూ ఆమెను పట్టుకోబోయారు.

దొర కొట్టినప్పుడూ, వీరభద్రం కొట్టినప్పుడూ లియాఖత్ చేతులు అడ్డం పెట్టుకున్నాడు. ఇప్పుడు పెట్టుకోలేదు. ఆ వారంలో తిన్న దెబ్బలన్నిట్లో తనది అనుకున్నది ఇదొక్కటే.

బక్కమ్మ అతని పక్కనే బోరా మీద కూలబడింది. తర్వాత కాయితాలు అతని ఒళ్లో పరిచింది.

"ఏది, ఆయన పేరెక్కడున్నదో చూపియ్యి."

కుడి చెయ్యి లేవలేదు. ఎడమ చేతి వేలు ఒక లైను మీద పెట్టాడు. ఆమె వంగి, ఆ అక్షరాల మీద తన వేలు ఆనించి చూసింది.

"గింతేనా? గింత చిన్నగున్నది."

"గింతేనమ్మా," అన్నాడు లియాఖత్. "రెండు వందల ముప్ఫై ఆరుసార్లున్నది."

"అన్నీ చూపియ్యి," అన్నది బక్కమ్మ.

అతను మొదటి పేజీ పైకి పోయి, ఉగాది మర్నాటి నుంచి మొదలుపెట్టాడు.